డబ్బు కట్టిన పాటలు ఎట్ట పోతాయన్నా?

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది నెల్లూరు జిల్లాలో అల్లూరు దగ్గర పల్లె. రొయ్యల గుంటలున్నాయి, రాత్రి కాపలా నేనే. పాటలు లేకపోతే నాకు తెల్లారదు. గట్టు మీద సిగ్నల్ అంతంతమాత్రం, అందుకని ఒక పాటల యాప్‌కి డబ్బు కట్టి, ఇంటి దగ్గర వైఫైలో దించుకుని వింటుండేవాణ్ణి. పోయిన నెల కట్టలేదు, అన్నీ మసకబారిపోయాయి, ఒక్కటీ మోగడం లేదు. డబ్బు కట్టిన పాటలు ఎట్ట పోతాయి? పాత ఫోన్లో మెమరీ కార్డు నిండా పాటలున్నాయి, దాన్ని కొత్త ఫోన్లో పెడితే ఫార్మాట్ చేయమంటోంది. ప్లేయర్ తెరిస్తే పాటల మధ్యలో వాట్సాప్ ఆడియోలు వస్తున్నాయి. స్క్రీన్ ఆపిన కాసేపటికి పాట ఆగిపోతోంది. ఇంకో సంగతి. మా నాన్న నాటకాల్లో పద్యాలు పాడేవాడు. ఆయన పోయి చాన్నాళ్లయింది, గొంతు కేసెట్లలో మిగిలింది. అది ఫోన్లోకి ఎక్కించి ఒంగోల్లో ఉండే అక్కకి పంపాలని ఉంది. ఎట్ట చేయాలన్నా?

జవాబు:

తమ్ముడూ, అన్నిటికంటే ముందు ఆ మెమరీ కార్డు సంగతి చెబుతా. కొత్త ఫోన్ ఎన్నిసార్లు అడిగినా ఫార్మాట్‌కి ఒప్పుకోవద్దు. నొక్కావంటే ఉన్నవన్నీ పోతాయి. కార్డు పాడైందని కూడా అప్పుడే అనుకోకు. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లు కార్డు పెట్టిన మొదటిసారి ఒక ప్రశ్న అడుగుతాయి, దీన్ని ఫోన్ మెమరీలో కలిపేయనా లేక విడి కార్డుగానే ఉంచనా అని. జాగా పెరుగుతుంది కదా అని చాలామంది కలిపేయమంటారు. అట్లా కలిపితే ఆ ఫోన్ కార్డుకి తాళం వేసుకుంటుంది, ఇక వేరే ఏ ఫోన్లో పెట్టినా, కంప్యూటర్‌లో పెట్టినా చదవలేవు, ఖాళీ కార్డనో చెడిపోయిందనో చూపించి ఫార్మాట్ చేయమంటాయి. నీకు జరిగింది ఇదే అయ్యుండొచ్చు. కార్డు తీసుకెళ్లి పాత ఫోన్లోనే పెట్టి చూడు. పాటలు కనిపిస్తే కేబుల్‌తో కంప్యూటర్‌కి కలిపి అన్నీ కాపీ చేసుకో. కంప్యూటర్ లేకపోతే ఫోన్‌కే నేరుగా తగిలించే ఓటీజీ పెన్‌డ్రైవ్ అయినా సరిపోతుంది. పాత ఫోన్ ఎవరికైనా ఇచ్చేద్దామని ముందే రీసెట్ కొట్టావో, ఆ తాళం చెవి దాంతోపాటే పోతుంది, తర్వాత ఏ షాపుకి తీసుకెళ్లినా లాభం ఉండదు. కాబట్టి పాటలు బయటికి వచ్చేదాకా ఆ ఫోన్ జోలికి ఎవర్నీ పోనీకు. అన్నీ వచ్చాయని రెండు మూడు చోట్ల తెరిచి విని చూసుకున్నాక, అప్పుడు కార్డుని కొత్త ఫోన్లో ఫార్మాట్ చేసుకో, ఈసారి పోర్టబుల్ స్టోరేజ్, అంటే విడి కార్డు, అన్నది ఎంచుకో.

ఇక డబ్బు కట్టిన పాటలు. నీ బాధ న్యాయమైందే, కానీ నువ్వు కట్టింది పాటల ఖరీదు కాదు, వినే హక్కుకి నెల అద్దె. అద్దె కట్టడం మానితే ఇల్లు ఖాళీ చేయాల్సిందే కదా, ఇదీ అంతే. యాప్‌లో డౌన్‌లోడ్ అని రాసి ఉంటుంది గానీ అది మామూలు ఎంపీ3 ఫైలు కాదు. ఆ యాప్ తప్ప ఇంకేదీ తెరవలేని రూపంలో, యాప్ సొంత జాగాలో దాచిపెడుతుంది. అందుకే ఫైల్ మేనేజర్‌లో ఎంత వెతికినా నీకు దొరకదు. చందా అయిపోతే మూసేస్తుంది. చందా నడుస్తున్నా సరే, చాలా యాప్‌లు నెలకోసారైనా ఇంటర్నెట్‌కి తగిలి నువ్వింకా కడుతున్నావా లేదా అని చూసుకుంటాయి, వారాల తరబడి సిగ్నల్ లేని చోట ఉన్నవాళ్లకి అట్లా కూడా ఆగిపోతాయి. పైగా పాట హక్కులున్న కంపెనీకీ యాప్‌కీ ఒప్పందం చెడితే నీ లిస్టులోంచి పాట చెప్పకుండా మాయమవుతుంది. గూగుల్ ప్లే మ్యూజిక్ అంత పెద్ద పాటల యాప్‌నే 2020 చివర్లో మూసేశారు.

అట్లాగని యాప్‌లు వద్దనను. కొత్త సినిమా పాటలు వినడానికి, ఎప్పుడో విన్న పాట వెతుక్కోవడానికి వాటిని మించినవి లేవు. చందా మళ్లీ కడితే నీ లిస్టులు చాలావరకు తిరిగొస్తాయి కూడా, పాటలు మాత్రం వైఫైలో మళ్లీ దించుకోవాల్సి రావచ్చు. నేను గట్టిగా చెప్పేదొకటే, ఏ పాట లేకపోతే నీకు రాత్రి గడవదో ఆ పాట ఫైలుగా నీ దగ్గర ఉండాలి. సిగ్నల్ ఉన్నా లేకున్నా, నెల కట్టినా కట్టకున్నా అది మోగాలి. ఆ పాటలు లెక్కేస్తే మనిషికి కొన్ని వందలకు మించవు.

అవి ఎక్కడ దొరుకుతాయి? ముందు నీ కార్డులో ఉన్నవి. తర్వాత ఇంట్లో అటక మీదో బీరువాలోనో పాత ఆడియో సీడీలు ఉంటాయి చూడు, డీవీడీ డ్రైవ్ ఉన్న ఏ కంప్యూటర్‌లోనైనా వాటిని ఎంపీ3గా మార్చుకోవచ్చు, కొన్న సీడీ కాబట్టి క్వాలిటీ కూడా బాగుంటుంది. ఉచితంగా దొరుకుతాయని ఆ దొంగ సైట్లకి మాత్రం పోవద్దు. పాట రాసినవాళ్లకీ పాడినవాళ్లకీ పైసా పోదు, అది ఒకటి. రెండోది, అక్కడ డౌన్‌లోడ్ అని రాసిన బటన్లు పది ఉంటే తొమ్మిది మోసం. పాటకని నొక్కితే ఏపీకే అని చివర ఉన్న ఫైలు దిగిందంటే అది పాట కాదు, యాప్. తెరవకుండా తుడిచేయ్. మేత కొట్టుకీ, సీడు కంపెనీకీ డబ్బులు పంపేది కూడా ఆ ఫోన్‌తోనే కదా.

జాగా గురించి టెన్షన్ పడొద్దు. పాట నాణ్యతని కేబీపీఎస్‌లో కొలుస్తారు. 128 కేబీపీఎస్ ఎంపీ3 అయితే నిమిషానికి దాదాపు 1 ఎంబీ, అంటే ఐదు నిమిషాల పాట 5 ఎంబీ. 320 అయితే అదే పాట 12 ఎంబీ. 32 జీబీ కార్డులో అన్నీ 320 కేబీపీఎస్ పాటలే నింపినా సుమారు రెండున్నర వేలు పడతాయి. గట్టు మీద బ్లూటూత్ స్పీకర్లో వినేవాడికి 320కీ, ఇంకా పెద్దవైన ఫ్లాక్ ఫైళ్లకీ తేడా తెలియదు, వాటి కోసం వెంపర్లాడకు. 128వి పాతవి ఉంటే ఉండనీ. వాటిని సాఫ్ట్‌వేర్‌తో 320కి మార్చినా ఫైలు లావవుతుంది తప్ప పోయిన నాణ్యత తిరిగిరాదు. కార్డు మాత్రం నమ్మకమైన షాపులో, పేరున్న కంపెనీది, బిల్లుతో తీసుకో. చవగ్గా పెద్ద కార్డులంటూ అమ్మేవాటిలో చాలావాటికి పైన రాసినంత జాగా లోపల ఉండదు, నిండే కొద్దీ పాటలు చెడిపోతుంటాయి.

వాట్సాప్ ఆడియోలు పాటల్లో కలవడం పెద్ద జబ్బేమీ కాదు. ప్లేయర్లు ఫోన్లో ఎక్కడ ఆడియో ఫైలు కనబడినా పాటే అనుకుని చేర్చేసుకుంటాయి. నీ ప్లేయర్ సెట్టింగ్స్‌లో ఏ ఫోల్డర్లు చూపించాలి, ఏవి వద్దు అని ఎంచుకునే వీలుంటే వాట్సాప్ ఫోల్డర్ తీసెయ్. ముప్పై సెకన్లో, నిమిషమో లోపువి చూపించొద్దు అనే ఆప్షన్ కూడా చాలావాటిలో ఉంటుంది. అవి లేకపోతే ప్లేయరే మార్చు. మ్యూజికొలెట్ అని ఒకటుంది, ఇంటర్నెట్ లేకుండా ఫోన్లో ఉన్న పాటల కోసమే చేసింది. యాడ్‌లు రావు, ఫోల్డర్ల వారీగా చూపిస్తుంది, పాట వివరాలు అందులోనే దిద్దుకోవచ్చు, ఇంతసేపటికి ఆగిపోమని టైమర్ కూడా పెట్టుకోవచ్చు. వీఎల్‌సీ కూడా ఉచితమే, మంచిదే. నీలాంటి వాడకానికి నేనైతే మొదటిదే చెబుతా.

పాట వివరాలన్నాను కదా, మన తెలుగు పాటలతో అసలు చిక్కు అక్కడే వస్తుంది. ఫైలు పేరు వేరు, లోపల ట్యాగ్ అని దాగి ఉండే పేరు వేరు. ప్లేయర్ ఎక్కువగా ట్యాగ్ చదువుతుంది. ఎక్కడెక్కడివో సైట్ల నుంచి వచ్చిన పాటల్లో గాయకుడి పేరు ఉండాల్సిన చోట సైటు పేరు కొట్టేసి ఉంటుంది, దాంతో వందల పాటలు ఆ సైటే పాడినట్టు కనబడతాయి. మన నెల్లూరు బాలు గారినే చూడు. ఒక ఫైల్లో ఎస్.పి.బి., ఇంకోదాంట్లో బాలు, మరోదాంట్లో ఇంగ్లిషు అక్షరాల్లో పూర్తి పేరు, అందులోనూ స్పెల్లింగ్ రకరకాలు. ఫోన్‌కి వాళ్లంతా వేరువేరు మనుషులే. నెల్లూరు సంగీత, నృత్య పాఠశాలకి 2020లో ప్రభుత్వం పేరు పెట్టుకున్నంత గాయకుడు మన ఫోన్లలో ముక్కలు ముక్కలై ఉండటం నాకు నచ్చదు, అందుకని ఈ పని మాత్రం విసుక్కోకుండా చేయమంటాను. ఒక పాట మీద నొక్కి పట్టుకుంటే ట్యాగ్ మార్చే ఆప్షన్ వస్తుంది, చాలా పాటలు ఒకేసారి ఎంచుకుని గాయకుడి పేరు ఒక్కసారే కొట్టొచ్చు. తెలుగులోనే కొట్టు, చక్కగా చూపిస్తుంది. అయితే కారు స్టీరియోలు, చవక ఎంపీ3 స్పీకర్లు కొన్ని తెలుగు అక్షరాలకి బదులు డబ్బాలు చూపిస్తాయి, వాటిలో వినేవుంటే ఫైలు పేరు ఇంగ్లిషులో ఉంచి ట్యాగ్ తెలుగులో పెట్టుకో.

అన్నీ ఒక్క రోజులో సర్దాలని కూర్చోకు. వింటున్నప్పుడు తప్పు కనిపించిన పాటని అప్పటికప్పుడు దిద్దుకుంటూ పో. ఫోల్డర్లు కూడా సినిమా పేర్లతో వందలు చేసేకంటే, నువ్వు వినే వేళని బట్టి చేసుకుంటే హాయిగా ఉంటుంది. మేత వేసేటప్పటివి ఒకటి, నడిరేయి నిద్ర ఆపేవి ఒకటి, తెల్లవారుజాము భక్తి పాటలు ఒకటి. చీకట్లో, తడి చేతుల్తో ఫోన్లో వెతుక్కునే పని ఉండదు.

స్క్రీన్ ఆపితే పాట ఆగిపోయేది ఫోన్ పాడైనందుకూ కాదు, పాట పాడైనందుకూ కాదు. బ్యాటరీ మిగుల్చుదామని ఫోనే వెనక నడిచే యాప్‌లని ఆపేస్తుంది, కొన్ని కంపెనీల ఫోన్లలో ఇది మరీ ఎక్కువ. సెట్టింగ్స్‌లో యాప్స్‌కి వెళ్లి, నీ ప్లేయర్ పేరు నొక్కి, బ్యాటరీ అన్నచోట అన్‌రిస్ట్రిక్టెడ్ అనో నో రిస్ట్రిక్షన్స్ అనో ఉన్నది ఎంచుకో. సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్నచోట మొబైల్ డేటా ఆపేసి ఉంచు, వెనక యాప్‌లు నెట్ కోసం ఊరికే ప్రయత్నించవు, ఛార్జింగ్ కొంత నిలుస్తుంది. ఫ్లైట్ మోడ్ మాత్రం పెట్టకు, రాత్రిపూట ఇంటి నుంచి ఎవరైనా చేస్తే నువ్వు దొరకాలి.

నువ్వు అడగకపోయినా ఒక విషయం చెప్పాలి. గట్టు మీద, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ల హోరులో పాట వినబడాలంటే సౌండ్ పెంచుతావు, ఇయర్‌ఫోన్లు రెండు చెవుల్లోనూ పెట్టుకుంటావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు వినొచ్చు. అదే 90 అయితే వారం మొత్తం మీద 4 గంటలే. నీ కాపలా ఒక్క రాత్రిలోనే అది దాటిపోతుంది. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నని కణాలు దెబ్బతింటే మళ్లీ పుట్టవు. వాల్యూమ్ అరవై శాతం దాటనివ్వకు. ఇయర్‌ఫోన్ తీసేశాక కూడా చెవిలో గీ అని మోగుతున్నా, మనుషుల మాటలు దూరంగా వినిపిస్తున్నా ఆ రాత్రికి పాటలు చాలించు. అది రెండు మూడు రోజులైనా పోకపోతే నెల్లూరు వెళ్లి ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించుకో, వాయిదా వేయొద్దు.

రొయ్యల వైపు నుంచీ ఇది ముఖ్యమే. రాత్రంతా నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతూ వచ్చి తెల్లవారుజామున మరీ అడుగంటుతుందని నాకంటే నీకే బాగా తెలుసు. ఆ వేళ కరెంటు పోయి ఏరియేటర్లు ఆగితే, ఆగిన సంగతి ముందు చెప్పేది నీ చెవే. రెండు చెవులూ మూసుకుని పాట వింటున్నవాడికి హోరు ఆగినట్టు తెలియదు. బయటి చప్పుడు తగ్గించే నాయిస్ క్యాన్సిలింగ్ ఇయర్‌ఫోన్లయితే ఇంకా ప్రమాదం, అవి సరిగ్గా ఇట్లాంటి ఎడతెగని హోరునే మింగేస్తాయి. అందుకని గట్టు మీద ఇయర్‌ఫోన్లు వద్దు. నీళ్లు పడినా ఆగని చిన్న బ్లూటూత్ స్పీకర్ ఒకటి కొనుక్కుని షెడ్డులో నీ పక్కన, తల దగ్గర పెట్టుకో, తక్కువ సౌండ్‌లోనే వినబడుతుంది. ఉప్పుగాలికి ఛార్జింగ్ రంధ్రం తుప్పు పడుతుంది, దాని రబ్బరు మూత ఎప్పుడూ వేసి ఉంచు, పొద్దున ఇంటికి పోయాక తడి గుడ్డతో తుడిచి ఆరబెట్టు. ఎప్పుడైనా ఇయర్‌ఫోన్ తప్పదనుకుంటే ఒక్క చెవికే, అదీ సెట్టింగ్స్‌లో మోనో ఆడియో పెట్టుకుని. లేకపోతే వాయిద్యాలు సగం అవతలి చెవికి పోతాయి. కరెంటు పోతే మోగే సైరన్ కూడా షెడ్డులో బిగించుకుంటే మంచిది.

ఇక నాన్న కేసెట్లు. మిగతావన్నీ నెల ఆగి చేసినా ఏం కాదు, ఇది మాత్రం ఈ వారమే మొదలుపెట్టు. యాప్ పాట పోతే ఇంకోచోట దొరుకుతుంది, మీ నాన్న గొంతు లోకంలో ఇంకెక్కడా దొరకదు. టేపు ఏటికేడు పాడవుతుంది, మన సముద్రపు తేమకి బూజు కూడా తొందరగా పడుతుంది. ముందు ఒక్కో కేసెట్ తీసి, దాని మధ్యలో ఉండే చిన్న కిటికీలోంచి చూడు, టేపు మీద తెల్లటి పొడి ఉంటే అది బూజే, దాన్ని ఆడించకుండా పక్కన పెట్టు, తెలిసినవాళ్లకి చూపించాలి. బాగున్నవాటికి వెనక అంచున రెండు చిన్న ప్లాస్టిక్ పలకలుంటాయి, ఇంకా విరగకుండా ఉంటే విరిచెయ్. అవి లేకపోతే రికార్డ్ బటన్ దిగదు, పొరపాటున ఎవరో నొక్కి నాన్న పద్యం మీద ఇంకోటి ఎక్కే ప్రమాదం తప్పుతుంది.

టేప్‌రికార్డర్ ఇంట్లోది పనిచేయకపోతే చుట్టాల్నీ, ఊళ్లో సౌండ్ సర్వీస్ వాళ్లనీ అడుగు. దొరికిన దాంట్లో నాన్న కేసెట్ నేరుగా పెట్టొద్దు, పోయినా బాధ లేని పాత కేసెట్ ఒకటి పూర్తిగా ఆడించి, టేపు నలపడం లేదని నిర్ధారించుకో. టేపు తగిలే హెడ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో తుడువు, గోధుమరంగు మరక వదిలేదాకా. అప్పుడు నాన్న కేసెట్ పెట్టి చివరిదాకా ఒకసారి ముందుకి, ఒకసారి వెనక్కి తిప్పు, ఏళ్ల తరబడి ఒకదానికొకటి అతుక్కున్న చుట్లు విడతాయి. తర్వాత టేప్‌రికార్డర్ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటర్‌కి ఒక వైరు. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి లైన్ ఇన్, అంటే బయటి సౌండ్ లోపలికి తీసుకునే రంధ్రం, విడిగా ఉండటం లేదు, చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు కొంటే పని జరుగుతుంది, కొనేటప్పుడు లైన్ ఇన్ ఉందో లేదో అడుగు. కంప్యూటర్‌లో ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకో. నాన్న రాగం ఎత్తుకుని పైస్థాయికి పోయిన చోటు ఒకటి ముందు ఆడించి చూడు, అక్కడ కూడా మీటర్ ఎర్రలోకి పోకుండా సౌండ్ సర్ది, అప్పుడు మొదటినుంచి రికార్డు చెయ్. అరవై నిమిషాల కేసెట్‌కి అరవై నిమిషాలూ పడుతుంది, దీనికి దగ్గరదారి లేదు. టేప్ ముందు ఫోన్ పెట్టి రికార్డు చేయడం తేలికే గానీ గదిలో ఫ్యాను, వీధిలో బండి, అన్నీ నాన్న గొంతులో కలుస్తాయి. ఇంకే దారీ లేనప్పుడు తప్ప చేయకు.

మొదటి కాపీని కుదించకుండా దాచే వేవ్ ఫైలుగా ఉంచు, గంటకి 600 ఎంబీ పైన అవుతుంది, అవనీ. సుయ్ మనే చప్పుడు తీసే ప్రయోగాలు దాని మీద చేయొద్దు, ఇంకో కాపీ మీద చెయ్, అదీ కొంచెమే. ఎక్కువ తీస్తే గొంతు నీళ్లలోంచి వస్తున్నట్టు అవుతుంది, హార్మోనియం శ్రుతి పలచబడిపోతుంది. వినడానికి మాత్రం ఒక్కో పద్యం విడగొట్టి ఎంపీ3 చేసుకో. ఏ నాటకం, ఏ పాత్ర, ఏ ఊళ్లో ఆడారు, హార్మోనియం ఎవరు, ఇవన్నీ ట్యాగ్‌లో రాయి. మీ అమ్మ ఉన్నా, నాన్నతో వేషాలు వేసినవాళ్లు ఎవరైనా ఉన్నా వాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని వినిపిస్తూ రాసుకో. వాళ్లు చెప్పే మాటలు ఫోన్లో రికార్డు చేసి అదే ఫోల్డర్‌లో పెట్టు. ఈ ఫోల్డర్ ఒక్క ఫోన్‌ని నమ్ముకుని ఉండకూడదు. ఇంట్లో హార్డ్‌డిస్కులోనో పెన్‌డ్రైవ్‌లోనో ఒకటి, గూగుల్ డ్రైవ్‌లో ఒకటి, అక్క దగ్గర ఒకటి. కేసెట్లు కూడా పారేయొద్దు, ప్లాస్టిక్ డబ్బాలో వేసి ఇంట్లో పొడిగా ఉన్నచోట పెట్టు, గట్టు మీది షెడ్డులో మాత్రం వద్దు.

అక్కకి వాట్సాప్‌లో పంపేటప్పుడు మైకు గుర్తు పట్టుకుని స్పీకర్లోంచి వినిపించొద్దు, నాన్న గొంతు నలిగిపోతుంది. పిన్ను గుర్తు నొక్కి, డాక్యుమెంట్ అన్నది ఎంచి ఫైలునే పంపు, పేరుతో సహా ఉన్నదున్నట్టు పోతుంది, 2 జీబీ దాకా పడుతుంది. అక్క దాన్ని చాట్‌లోనే వదిలేస్తే ఫోన్ మార్చినప్పుడు పోవచ్చు, కాబట్టి వాళ్ల పిల్లలతో మాట్లాడి ఆ ఫోన్లో నాన్న పేరుతో ఫోల్డర్ చేయించి అందులోకి మార్పించు. పండక్కి ఒంగోలు వెళ్లేటప్పుడు వేవ్ ఫైళ్లున్న పెన్‌డ్రైవ్ కూడా చేతికిచ్చిరా. ఎక్కడైనా ఆగిపోతే, ఫోన్ మోడల్ పేరు, తెర మీద కనిపించిన మాటలు ఉన్నవున్నట్టు రాసి మళ్లీ అడుగు తమ్ముడూ.